క్లౌడ్ క్యాడ్ సాఫ్ట్‌వేర్: అభ్యాస క్రమం, లోపాల గుర్తింపు, సంస్థలు పాటించవలసిన జాగ్రత్తలు

(సమాచార వ్యాసం)

యంత్ర భాగాలు, పనిముట్లు, గృహోపకరణాలు మొదలైన వాటి రూపకల్పనను కంప్యూటర్ సహాయంతో చేయు విధానాన్ని క్యాడ్ అని వ్యవహరిస్తారు. ఒకప్పుడు ఖరీదైన కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ ద్వారా మాత్రమే సాధ్యమైన ఈ పని నేడు ఇంటర్నెట్ బ్రౌజర్‌లోనే జరుగుతున్నది. ఈ విధానాన్ని క్లౌడ్ క్యాడ్ అంటారు. పాలిటెక్నిక్‌లు, ఐ.టి.ఐ.లు, ఇంజనీరింగ్ కళాశాలలు, చిన్న పరిశ్రమలు దీనివైపు మొగ్గు చూపుటకు ప్రధాన కారణం ప్రారంభ వ్యయం తక్కువగా ఉండటమే.

అయితే ఈ విధానంలో పని మూడు చోట్ల విభజింపబడి ఉంటుంది. కొంత పని విద్యార్థి ముందున్న కంప్యూటర్‌లోను, కొంత దూరాన ఉన్న సర్వర్‌లోను జరుగుతుండగా, ఈ రెంటినీ కలుపునది ఇంటర్నెట్ లైను. అందువలన సాఫ్ట్‌వేర్ నిదానించినపుడు లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనకుండా చర్య తీసుకున్న పక్షంలో ధనం వృథా అగును. ఇంటర్నెట్ లైనులో లోపం ఉన్నపుడు కొత్త కంప్యూటర్లు కొనుగోలు చేయడం, నమూనాలో లోపం ఉన్నపుడు లైను వేగం పెంచుకొనడం ఇందుకు ఉదాహరణలు. ఈ విషయమై పాత్రికేయులకు, విద్యా మరియు పరిశ్రమల రంగాల అధికారులకు ఉపయోగపడు సమాచారాన్ని ఈ క్రింద పొందుపరచడమైనది.

నేపథ్యం

కంప్యూటర్ తెరపై నేరుగా గీయు విధానానికి ఆద్యుడు ఇవాన్ సదర్లాండ్. ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పరిశోధన చేస్తూ 1963లో స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామ్‌ను రూపొందించారు. 1982లో ఆటోక్యాడ్ విడుదలతో వ్యక్తిగత కంప్యూటర్లపై చిత్రలేఖనం సాధ్యమైనది. కొలత మార్చిన వెంటనే ఆకృతి దానంతట అదే మారు పారామెట్రిక్ విధానాన్ని 1980వ దశకం చివరలో ప్రో ఇంజనీర్ ప్రాచుర్యంలోకి తెచ్చినది. 1995లో విడుదలైన సాలిడ్‌వర్క్స్ ఇదే విధానాన్ని విండోస్ కంప్యూటర్లకు చేర్చినది.

సాలిడ్‌వర్క్స్ వ్యవస్థాపకులలో ఒకరైన జాన్ హర్ష్‌టిక్ మరికొందరితో కలిసి 2012లో ప్రారంభించిన సంస్థ ఆన్‌షేప్ అను సాఫ్ట్‌వేర్‌ను 2015లో విడుదల చేసినది. ఇన్‌స్టాల్ చేయనవసరం లేకుండా పూర్తిగా బ్రౌజర్‌లోనే పనిచేయడం దీని ప్రత్యేకత. 2019లో ఈ సంస్థను పి.టి.సి. కొనుగోలు చేసినది. ప్రో ఇంజనీర్‌ను రూపొందించినది కూడా పి.టి.సి.యే కావడం గమనార్హం.

ఆటోడెస్క్ సంస్థకు చెందిన ఫ్యూజన్ మరొక తరహాకు చెందినది. 2013 నుండి ఫ్యూజన్ 360గా పిలువబడిన ఈ సాఫ్ట్‌వేర్ పేరును 2024లో ఆటోడెస్క్ ఫ్యూజన్‌గా మార్చారు. ఇందులో ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయవలసి ఉండగా, ఫైళ్లు మాత్రం సంస్థ సర్వర్లలో భద్రపరచబడును. ఇదే సంస్థ అందించు టింకర్‌క్యాడ్ పాఠశాల విద్యార్థులకు అనువైనది. ఘనం, గోళం, స్తూపం వంటి సిద్ధ ఆకృతులను కలుపుతూ, తొలగిస్తూ బ్రౌజర్‌లోనే వస్తువును తయారు చేయవచ్చు.

పనిచేయు విధానం

ఆన్‌షేప్‌ను ఉదాహరణగా తీసుకొన్నచో, విద్యార్థి ఒక ఆదేశం ఇచ్చినపుడు ఆ ఆదేశం మాత్రమే సర్వర్‌కు చేరును. ఘనాకృతికి సంబంధించిన గణితమంతా సర్వర్‌లోనే జరుగును. ఫలితంగా ఏర్పడిన ఆకృతి చిన్న చిన్న త్రిభుజాల రూపంలో బ్రౌజర్‌కు తిరిగి వచ్చును. ఆ త్రిభుజాలను తెరపై చూపు బాధ్యత విద్యార్థి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ భాగానిది. ఇందుకు బ్రౌజర్‌లోని వెబ్‌జీఎల్ అను సాంకేతికత తోడ్పడును.

ఈ విభజనను అర్థం చేసుకొనడం అత్యంత ముఖ్యం. వస్తువును తెరపై త్రిప్పి చూచుట స్థానిక కంప్యూటర్ పని. కొత్త రంధ్రం వేయుట, కొలత మార్చుట సర్వర్ పని. ఈ రెండింటిలో ఏది నిదానంగా ఉన్నదో గమనించినచో లోపం ఏ దిక్కున ఉన్నదో చాలావరకు తెలిసిపోవును.

ఈ సాఫ్ట్‌వేర్‌లో 'సేవ్' మీట ఉండదు. ప్రతి మార్పు వెనువెంటనే భద్రమగును. గతంలోని ఏ దశకైనా తిరిగి వెళ్లవచ్చు. ఒకే పత్రంపై పలువురు ఏకకాలంలో పనిచేయవచ్చు. విద్యుత్తు పోయినపుడు పని నష్టపోవు ప్రమాదం ఇందువలన బాగా తగ్గును. అదే సమయంలో, ఇంటర్నెట్ లేనిచో పని పూర్తిగా నిలిచిపోవును.

అభ్యాస క్రమం

క్లౌడ్ క్యాడ్ నేర్చుకొను వారు మీటల పేర్లు కంఠస్థం చేయుటకన్న ఈ క్రింది క్రమాన్ని అనుసరించుట శ్రేయస్కరం.

1. యూనిట్ల నిర్ణయం: పత్రం తెరచిన వెంటనే కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నవా, అంగుళాలలో ఉన్నవా సరిచూడవలెను. విదేశీ సంస్థల సాఫ్ట్‌వేర్లలో ఈ ఎంపిక మన అలవాటుకు భిన్నంగా ఉండు అవకాశం కలదు.

2. స్కెచ్‌కు పూర్తి నిబంధనలు: సమతల చిత్రంలోని ప్రతి గీతకు కొలత గాని, సమాంతరం, లంబం, స్పర్శ వంటి నిబంధన గాని ఉండవలెను. ఆన్‌షేప్‌లో ఇంకా స్థిరపడని గీతలు నీలి రంగులోను, పూర్తిగా స్థిరపడినవి నలుపు రంగులోను, పరస్పర విరుద్ధమైన నిబంధనలు గలవి ఎరుపు రంగులోను కనిపించును. నీలి గీతలను వదలివేసి ముందుకు సాగుట ప్రారంభకులలో సర్వసాధారణంగా కనిపించు లోపం.

3. ఉద్దేశాన్ని కొలతలో పలికించుట: 100 మిల్లీమీటర్ల పొడవు గల ఒక పలకకు నడుమ రంధ్రం కావలెననుకొందాం. రంధ్రాన్ని ఎడమ అంచు నుండి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉంచినచో చూచుటకు సరిగానే ఉండును. పలక పొడవును 120కి పెంచినపుడు మాత్రం రంధ్రం 50 వద్దనే నిలిచిపోవును. అదే రంధ్రానికి 'మధ్య బిందువు' అను నిబంధన ఇచ్చినచో అది దానంతట అదే 60కి జరుగును. మొదటిది కేవలం బొమ్మ, రెండవది రూపకల్పన. ఈ భేదం గ్రహించిన విద్యార్థికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా త్వరగా అలవడును.

4. ఫీచర్ల వరుస: ఎక్స్‌ట్రూడ్, రివాల్వ్ వంటి ముఖ్యమైన ఆకృతులను ముందుగాను, అంచులను గుండ్రపరచు ఫిల్లెట్ వంటి వాటిని చివరగాను చేర్చవలెను. మొదట్లోనే ఫిల్లెట్లు చేర్చినచో తరువాతి మార్పులకు ఆధారంగా ఉండవలసిన అంచులు మాయమగును.

5. భాగాల కూర్పు: స్వేచ్ఛగా ఉన్న ఏ ఘన వస్తువుకైనా ఆరు విధాలైన కదలికలు ఉండును. అందులో మూడు జరుగుట, మూడు తిరుగుట. కీలు వలె కలిపినచో ఒక్క తిరుగుట మాత్రమే మిగులును. ఆన్‌షేప్‌లో సాధారణంగా ఒకే 'మేట్'తో ఈ సంబంధాన్ని నిర్ణయించవచ్చు. ఏ భాగం ఎన్ని విధాల కదలవలెనో కాగితంపై వ్రాసుకొని కూర్పునకు పూనుకొనుట మంచిది.

6. వెర్షన్ల నమోదు: ప్రతి ముఖ్య దశలోను పేరు పెట్టిన వెర్షన్‌ను నమోదు చేయవలెను. వెర్షన్‌ను తరువాత ఎవరూ మార్చజాలరు. నలుగురు విద్యార్థులు ఒకే పత్రంపై పనిచేయునపుడు ఒకరు తొలగించిన స్కెచ్ మరొకరి భాగానికి ఆధారమై ఉండవచ్చు. అట్టి సమయంలో వెర్షన్ రక్షణగా నిలుచును.

లోపం ఎక్కడ ఉన్నది

ఫిర్యాదు అందిన వెంటనే ల్యాబ్ బాధ్యులు ఈ క్రింది మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టవలెను.

మొదటిది, వస్తువును తెరపై త్రిప్పునపుడు కుదుపులు వచ్చుచున్నవా? వచ్చినచో లోపం స్థానిక కంప్యూటర్‌లో ఉన్నట్లు భావించవచ్చు. బ్రౌజర్ సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ నిలిపివేయబడి ఉండుట, గ్రాఫిక్స్ డ్రైవర్ పాతబడి ఉండుట, రెండు గ్రాఫిక్స్ భాగాలున్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ బలహీనమైన దానిని వాడుకొనుట ఇందుకు సామాన్య కారణాలు. కొత్త కంప్యూటర్ కొనుటకు ముందు ఈ మూడింటినీ సరిచూడవలెను. బ్రౌజర్‌లోని అదనపు ఎక్స్‌టెన్షన్ల వలన ఇబ్బంది కలుగుచున్నదేమో తెలుసుకొనుటకు ప్రైవేట్ విండోలో అదే పత్రాన్ని తెరచి చూడవచ్చు.

రెండవది, త్రిప్పుట సాఫీగా ఉన్నప్పటికీ ఆదేశాలకు స్పందన ఆలస్యమగుచున్నదా? అన్ని పత్రాలలోను, అందరు విద్యార్థులకు ఇదే పరిస్థితి ఉన్నచో ఇంటర్నెట్ లైనును అనుమానించవలెను. ఇక్కడ డౌన్‌లోడ్ వేగం కన్న సంకేతం వెళ్లి తిరిగి వచ్చుటకు పట్టు కాలం ముఖ్యం. ప్రతి ఆదేశానికి ఈ రాకపోకలు తప్పనిసరి. అధిక వేగం గల లైను ఉన్నప్పటికీ ఈ కాలం ఎక్కువైనచో పని నిదానించును.

కొన్ని కళాశాలలలోను, కార్యాలయాలలోను ఫైర్‌వాల్ లేదా ప్రాక్సీ వలన మరొక చిక్కు వచ్చును. సాధారణ వెబ్ పుటలు తెరచుకొనును గాని క్యాడ్ పత్రం మాత్రం తెరచుకొనదు, లేదా మాటిమాటికీ సంబంధం తెగిపోవును. ఇట్టి సాఫ్ట్‌వేర్ సర్వర్‌తో నిరంతరం తెరచి ఉండు వెబ్‌సాకెట్ అను మార్గాన్ని వాడును. ఆ మార్గాన్ని ఫైర్‌వాల్ అడ్డగించినచో ఈ పరిస్థితి ఏర్పడును. అదే కంప్యూటర్‌ను కొద్దిసేపు మొబైల్ ఫోను ఇంటర్నెట్‌కు కలిపి చూచినచో విషయం తేలిపోవును. అప్పుడు సరిగా పనిచేసినచో కళాశాల నెట్‌వర్క్ నిర్వాహకులు అనుమతులు సవరించవలసి ఉండును.

మూడవది, ఒక్క పత్రంలోనే ఇబ్బంది ఉన్నదా? ఇతర పత్రాలు సాఫీగా ఉండి, ఒక్కటి మాత్రమే ఏ కంప్యూటర్‌లో తెరచినను నిదానంగా ఉన్నచో లోపం నమూనాలోనే ఉన్నట్లు నిర్ధారించవచ్చు. మరలను పూర్తి చుట్లతో సహా చెక్కుట, వందలాది రంధ్రాల పునరావృతి, అక్షరాలను లోతుగా చెక్కుట వంటివి గణన భారాన్ని పెంచును. ఏ ఫీచర్‌కు ఎంత సమయం పట్టుచున్నదో చూపు సదుపాయం ఆన్‌షేప్‌లో కలదు. దాని ఆధారంగా భారమైన ఫీచర్‌ను గుర్తించి సరళీకరించవచ్చు.

ఎర్రబడిన ఫీచర్లను సరిచేయు పద్ధతి

నమూనాలో ఒక కొలత మార్చగానే ఫీచర్ల జాబితాలో పలు పేర్లు ఎర్రబడుట విద్యార్థులను భయపెట్టు దృశ్యం. అన్నింటినీ తొలగించి మొదటి నుండి చేయనవసరం లేదు. జాబితాలో అన్నింటికన్న పైన ఎర్రబడిన ఫీచర్‌ను ముందుగా సరిచేయవలెను. దానిపై ఆధారపడిన మిగిలినవి చాలా సందర్భాలలో వాటంతట అవే సరిపడును. రోల్‌బ్యాక్ పట్టీని ఆ ఫీచర్ వరకు పైకి జరిపి, అప్పటి ఆకృతిని పరిశీలించినచో కారణం తెలియును.

తరచుగా కనిపించు కారణాలు మూడు. స్కెచ్‌లో గీతల కొనలు కలియక చిన్న ఖాళీ మిగులుట మొదటిది. మూతపడిన ప్రదేశం ఛాయతో కనిపించును గనుక ఛాయ లేని చోట ఖాళీని వెదకవలెను. ఆధారంగా ఎంచుకొన్న తలం గాని అంచు గాని తరువాతి మార్పులో అదృశ్యమగుట రెండవది. ఫిల్లెట్ వ్యాసార్థం ప్రక్కనున్న తలంలో ఇముడనంత పెద్దదగుట మూడవది.

డ్రాయింగులో ప్రత్యేక జాగ్రత్త

తెరపై అంతా సరిగా ఉన్నప్పటికీ వర్క్‌షాపులో వస్తువు తప్పుగా తయారగు సందర్భాలు రెండు కలవు. ఇవి సాఫ్ట్‌వేర్ లోపాలు కావు గనుక ఏ హెచ్చరికా కనిపించదు.

మొదటిది ప్రొజెక్షన్ పద్ధతి. భారతదేశంలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ బోధనకు భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఎస్.పి. 46 ఆధారం. మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి అమలులో ఉన్నది. అమెరికాలో థర్డ్ యాంగిల్ పద్ధతి వాడుకలో ఉన్నది. అమెరికా ప్రమాణం గల టెంప్లేట్‌ను ఎంచుకొన్నచో ఎడమ వైపు దృశ్యం కుడి వైపునకు బదులు ఎడమ వైపుననే ముద్రితమగును. గుర్తును గమనించని కార్మికుడు గాడిని ఎదుటి వైపున కోయు ప్రమాదం కలదు. డ్రాయింగ్ ప్రారంభించునపుడే టెంప్లేట్‌ను, ప్రొజెక్షన్ గుర్తును సరిచూడవలెను.

రెండవది యూనిట్ల లోపం. త్రీడీ ముద్రణకు వాడు ఎస్.టి.ఎల్. ఫైలులో అంకెలే ఉండును గాని అవి మిల్లీమీటర్లో అంగుళాలో తెలుపు సమాచారం ఉండదు. 25 మిల్లీమీటర్ల భాగాన్ని 25 అంగుళాలుగా భావించినచో అది 635 మిల్లీమీటర్లగును. ఎగుమతి, దిగుమతి సమయాలలో ఒక కొలతనైనా స్వయంగా సరిచూచుట అవసరం.

హైదరాబాద్‌లో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ వర్క్స్ వంటి నమూనా తయారీ కేంద్రాలకు ఫైళ్లు తీసుకువెళ్లు వారికి ఈ జాగ్రత్తలు ముఖ్యం. సాధారణంగా త్రీడీ ముద్రణకు ఎస్.టి.ఎల్., లేజర్ కోతకు డి.ఎక్స్.ఎఫ్., సి.ఎన్.సి. యంత్రాల పనికి స్టెప్ ఫైళ్లు వాడుదురు.

డిజైన్ ఎవరి చేతిలో ఉన్నది

కొనుగోలు నిర్ణయాలు తీసుకొను అధికారులు అన్నింటికన్న ముందు పరిశీలించవలసిన అంశం ఇది. ఆన్‌షేప్ ఉచిత పథకంలో తయారగు పత్రాలు బహిరంగంగా ఉండును. ఎవరైనా వాటిని చూడవచ్చు, నకలు తీసుకొనవచ్చు. ఆ ఖాతాను వాణిజ్య అవసరాలకు వాడరాదు. ఒక చిన్న పరిశ్రమ తన కొత్త పరికరం డిజైన్‌ను ఇట్టి ఖాతాలో తయారు చేసినచో రహస్యం బయటపడినట్లే. కొత్త ఆవిష్కరణపై పేటెంటు కోరదలచిన వారికి ముందస్తు బహిర్గతం అవరోధం కాగలదు. విద్యార్థులకు, అధ్యాపకులకు ప్రత్యేకించిన విద్యా పథకం ఉచితంగానే లభించును. అందులో పత్రాలను గోప్యంగా ఉంచుకొను వీలు కలదు. అందువలన విద్యాసంస్థలు సాధారణ ఉచిత ఖాతాలకు బదులు విద్యా పథకాన్నే వాడుట సముచితం.

పథకాల షరతులు మారుచుండును. 2020లో ప్రకటించిన మార్పుల ద్వారా ఫ్యూజన్ వ్యక్తిగత ఉచిత పథకంలో ఏకకాలంలో సవరించదగిన పత్రాల సంఖ్యను 10కి పరిమితం చేశారు. స్టెప్ ఫైళ్ల ఎగుమతిని సైతం తొలగించనున్నట్లు మొదట ప్రకటించిన సంస్థ, వినియోగదారుల అభ్యంతరాల అనంతరం ఆ ఒక్క నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నది. ఉచితంగా లభించు సౌకర్యంపై సంవత్సరాల తరబడి పాఠ్యక్రమాన్ని నిర్మించునపుడు ఇట్టి మార్పులకు సిద్ధపడి ఉండవలెనని ఈ ఉదంతం తెలుపుచున్నది.

సెమిస్టరు చివర ప్రతి ప్రాజెక్టును స్టెప్ రూపంలో ఎగుమతి చేసి సంస్థ కంప్యూటర్లలో భద్రపరచుట కనీస జాగ్రత్త. అయితే స్టెప్ ఫైలులో తుది ఆకృతి మాత్రమే ఉండును. దానిని నిర్మించిన ఫీచర్ల వరుస, నిబంధనలు అందులో ఉండవు. కావున కొలతలతో కూడిన డ్రాయింగును కూడా పి.డి.ఎఫ్. రూపంలో జతచేయవలెను.

పదవ తరగతి అనంతరం పాలిటెక్నిక్‌లో చేరు విద్యార్థులలో అధికులు 18 సంవత్సరాల లోపు వారే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండని వారిని బాలలుగా పరిగణించుచున్నది. వారి వ్యక్తిగత సమాచార వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. ఖాతాలు తెరిపించునపుడు సంస్థలు ఈ అంశాన్ని దృష్టిలో ఉంచుకొనవలెను. టింకర్‌క్యాడ్‌లో ఉపాధ్యాయుడు ఇచ్చు తరగతి కోడ్, మారు పేరు ద్వారా ఈ-మెయిల్ లేకుండానే విద్యార్థులు ప్రవేశించు వీలు కలదు.

ల్యాబ్ ఏర్పాటుకు ముందు సరిచూడవలసినవి

1. ఒకే సమయంలో పనిచేయు విద్యార్థులందరితో ఒక గంటపాటు ప్రయోగాత్మక తరగతి నిర్వహించవలెను. ఒక్క కంప్యూటర్‌పై చేసిన పరీక్షతో లైను సామర్థ్యం తెలియదు.

2. ఖాతాలను సంస్థ ఈ-మెయిల్ చిరునామాలతో తెరిపించవలెను. వ్యక్తిగత చిరునామాలు వాడినచో విద్యార్థి వెళ్లిపోయిన పిమ్మట పత్రాలు అందుబాటులో ఉండవు. ఆటోడెస్క్ విద్యా అనుమతిని ఏటా పునరుద్ధరించుకొనవలసి ఉండును.

3. ఫైర్‌వాల్ అనుమతులను తరగతులు ప్రారంభం కాక ముందే పరీక్షించవలెను.

4. ఇంటర్నెట్ నిలిచిపోయిన రోజున బోధన ఆగకుండా ప్రత్యామ్నాయం ఉండవలెను. కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ అగు ఫ్రీక్యాడ్ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు ఉపయోగపడును. దాని 1.0 వెర్షన్ 2024 నవంబరులో విడుదలైనది.

5. ఫిర్యాదుల పుస్తకంలో తేదీ, సమయం, కంప్యూటర్ సంఖ్య, పత్రం పేరు, త్రిప్పుటలో ఇబ్బందియా ఆదేశాలలో ఆలస్యమా అను వివరాలు నమోదు చేయవలెను. ఒక నెల వివరాలు పరిశీలించినచో కొనుగోలు అవసరమా, నెట్‌వర్క్ సవరణ అవసరమా, శిక్షణ అవసరమా అనునది స్పష్టమగును.

పాత్రికేయుల సౌకర్యార్థం కొన్ని పదాలు

పారామెట్రిక్: కొలతలు, నిబంధనల ఆధారంగా ఆకృతి నిర్మితమై, వాటిని మార్చినపుడు తదనుగుణంగా మారు విధానం.

ఫీచర్: నమూనాలో ఒక్కొక్క నిర్మాణ దశ. ఉదాహరణకు ఒక రంధ్రం, ఒక గాడి.

అసెంబ్లీ: విడి భాగాల కూర్పు.

వెర్షన్: తరువాత మార్చుటకు వీలులేని, పేరు గల దశ.

స్టెప్: వివిధ క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మధ్య ఘనాకృతులను మార్పిడి చేసుకొను అంతర్జాతీయ ప్రమాణ ఫైలు.

వెబ్‌జీఎల్: బ్రౌజర్‌లో త్రిమితీయ దృశ్యాలను చూపుటకు కంప్యూటర్ గ్రాఫిక్స్ భాగాన్ని వాడు సాంకేతికత.

క్లౌడ్ క్యాడ్ వలన సాధారణ కంప్యూటర్ గల విద్యార్థి కూడా పరిశ్రమ స్థాయి రూపకల్పన నేర్చుకొను అవకాశం ఏర్పడినది. ఆ అవకాశం ఫలించుటకు మంచి లైను, సరైన ఖాతా, లోపం ఉన్న చోటును గుర్తించగల బాధ్యుడు అను మూడూ ల్యాబ్‌లో ఉండవలెను. వీటిలో మొదటి రెండింటికి సంస్థ నిర్ణయం చాలును. మూడవ దానికి శిక్షణ కావలెను గనుక ల్యాబ్ ప్రతిపాదనలలో సిబ్బంది శిక్షణను పరికరాల కొనుగోలుతో సమానంగా చేర్చుట ఆవశ్యకం.